అందం ఖాతాలో పడేసిన ముక్కు

ప్రియాంక చోప్రా 2000లో ప్రపంచ సుందరి అయ్యారు. సినిమాల్లోకి అడుగుపెడుతున్న ఆ రోజుల్లోనే ఒక జలుబు పట్టుకుని వదల్లేదు. డాక్టరు చూసి, ముక్కులో పాలిప్ అనే కండ పెరిగింది, ఆపరేషన్ చేసి తీసెయ్యాలన్నారు. ఆ కండను తీస్తుండగా పొరపాటున ముక్కు దూలం కూడా దెబ్బతిని కుంగిపోయిందని, కట్టు విప్పి చూసుకుంటే తనకు తెలిసిన ముక్కు అక్కడ లేదని 2021లో వచ్చిన ఆత్మకథ ‘అన్‌ఫినిష్డ్’లో ఆమె రాశారు. సినిమా అవకాశాలు చేజారాయి. మళ్ళీ ఆపరేషనా అని వణికిన కూతురికి, సైన్యంలో డాక్టరుగా పనిచేసిన తండ్రి తానూ పక్కనే ఉంటానని ధైర్యం చెప్పి ఒప్పించారు. సరిచేసే ఆపరేషన్లు ఒకటికి మించి జరిగాయి. లోకం మాత్రం ఆమెకు ‘ప్లాస్టిక్ చోప్రా’ అని పేరు పెట్టి ఊరుకుంది.

మొదటి ఆపరేషన్ జబ్బుకు. తర్వాతవి, మొదటిది పాడుచేసినదాన్ని బాగుచేయడానికి. ఇందులో షోకు ఎక్కడుంది? అయినా లెక్కంతా అందం ఖాతాలోనే రాసేశారు.

ఆమెకు డబ్బుంది, పేరుంది, ఇంట్లోనే డాక్టర్లున్నారు. ఈ మూడూ లేనివాళ్ళ సంగతి వేరు. ఇంటర్ చదివే రోజుల్లో క్రికెట్ బంతి తగిలి ముక్కు పక్కకు పోయిన కుర్రాడు దగ్గర్లోని టౌనులో ఆపరేషన్ చేయించుకుంటాడు. ఏడాది తిరిగాక చూస్తే గాలి ఒకవైపే ఆడుతుంటుంది, ముక్కు రెండోవైపు వాలి ఉంటుంది. “ఊపిరి ఆడుతోంది కదా, ఇంకేం కావాలిరా?” అంటాడు తండ్రి. “మగాడివి, నీకెందుకురా ఈ సోకులు” అంటుంది మేనత్త. ఆడపిల్లయితే, సంబంధాలు చూసే వేళ మళ్ళీ ఆస్పత్రి గడప తొక్కితే నలుగురూ ఏమనుకుంటారన్న బెంగ. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెతను ఎవరో ఒకరు అందుకుంటారు. బంధువుల్లో కాస్త కొత్త తరం వాళ్ళు ఫోన్ తీసి ఒక ప్రకటన చూపిస్తారు: కత్తి లేదు, కుట్టు లేదు, పదిహేను నిమిషాల ఇంజెక్షన్‌తో సూటి ముక్కు.

వదిలెయ్యమనే తండ్రి, ఇంజెక్షన్ చూపించే కొత్త తరం బంధువు పైకి ఎడమొహం పెడమొహంగా ఉన్నా, ఇద్దరి నమ్మకమూ ఒకటే. ముక్కుకు ఊపిరి ఒక సంగతి, ఆకారం ఇంకో సంగతి. మొదటిది వైద్యం, రెండోది సింగారం. సింగారమే కాబట్టి ఒకాయన అక్కర్లేదంటాడు, ఇంకొకాయన పైపూత చాలంటాడు. ఆస్పత్రి బిల్లులోనూ బీమా పత్రంలోనూ ఇదే నమ్మకం అచ్చయి కూర్చుంది. ఇది తప్పు. ఒకసారి ఆపరేషన్ అయ్యాక మిగిలిన వంకర విషయంలోనైతే మరీ తప్పు.

ముక్కును వేలితో పైనుంచి కిందికి తడిమితే మూడు భాగాలు తెలుస్తాయి. కళ్ళ మధ్య కదలనిది ఎముక. దాని కింద నొక్కితే కొంచెం లొంగేది కార్టిలేజ్, పత్రికల్లో మృదులాస్థి అని రాసేది. చివర, కొన దగ్గర, ఇంకా మెత్తటి జత. ఈ మూడింటినీ లోపలి నుంచి నిలబెట్టేది రెండు రంధ్రాల మధ్యనున్న గోడ. దాని ముందుభాగం కార్టిలేజ్, వెనుక భాగం పల్చటి ఎముక. డాక్టరు చీటీ మీద ‘డీఎన్‌ఎస్’ అని రాసేది ఈ గోడ వంకర గురించే.

మధ్యభాగంలో ఒక విశేషం ఉంది. గోడ పై అంచు నుంచే రెండు పక్కలకూ రెండు కార్టిలేజ్ రేకులు చూరులా దిగుతాయి. అంటే గోడ పై అంచు ఎటు వాలితే బయట కనిపించే ముక్కు గీత అటే వాలుతుంది. ఆ రేకుకూ గోడకూ మధ్య లోపలివైపు ఏర్పడే సందు చాలామందిలో పది పదిహేను డిగ్రీల కోణానికి మించదు. ముక్కు దారి మొత్తంలో అన్నిటికన్నా ఇరుకు అదే. ముక్కుతో పీల్చే గాలికి ఎదురయ్యే అడ్డులో దాదాపు సగం ఆ ఒక్కచోటే ఉంటుంది. ఆ సందు కొంచెం మూసుకుపోయినా, గట్టిగా పీల్చినప్పుడు ఆ రేకు లోపలికి లాక్కుపోయినా మనిషికి నిద్రలో నోరు తెరుచుకుంటుంది, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది.

అద్దంలో కనబడే వంకర గీతనూ, రాత్రిపూట మూసుకుపోయే సందునూ తయారుచేసేది ఒకే రేకు, ఒకే గోడ. వాటిని రెండు ఖాతాల్లో రాయడం కుదరదు. వంకర ఎముక దగ్గర మాత్రమే ఉండి గాలికి ఏ ఇబ్బందీ లేనివాళ్ళు లేకపోలేదు. అలాంటివాళ్ళు తమ ముక్కుతో సుఖంగా ఉంటే వాళ్ళను ఎవరూ పిలిచి కోయనక్కర్లేదు. రెండుసార్లు విరిగి మెలిక తిరిగిన ముక్కుతోనే హాలీవుడ్ నటుడు ఓవెన్ విల్సన్ తారగా వెలుగుతున్నారు. కానీ మధ్యభాగంలో, కొన దగ్గర కనిపించే వంకర చాలాసార్లు లోపలి నిర్మాణం చెప్పే మాటే.

ఊపిరినీ ఆకారాన్నీ ఇలా విడదీసిన పాపం ముందు వైద్యులదే. 1902లో షికాగోలో ఓటో ఫ్రీర్, ఆ తర్వాత రెండు మూడేళ్ళకే జర్మనీలో గుస్తావ్ కిలియన్ మధ్యగోడ ఆపరేషన్‌కు ఒక పద్ధతి ఏర్పరిచారు. పై పొరను లేపి, వంకరగా ఉన్న కార్టిలేజ్‌ను, ఎముకను కోసి బయట పారేసి, పొరలను మళ్ళీ కలపడం. గోడకు పైన ఒక పట్టీ, ముందు ఒక పట్టీ ఉంచాలని వాళ్ళకూ తెలుసు. కానీ ఆలోచన అంతా గాలి దారి మీదే. పారేసింది మరీ ఎక్కువైతే ముక్కు దూలం కొన్నేళ్ళకు గుర్రపు జీనులా కుంగేది, కొన వాలిపోయేది. తీసింది తక్కువై ముందు అంచు వంకర అలాగే ఉండిపోతే గాలీ ఆడేది కాదు, ముక్కూ సూటిగా నిలిచేది కాదు. ఇరవయ్యో శతాబ్దం నడుమ మారిస్ కాటిల్ వంటివారు, వంకర ముక్కను పారేయకుండా దాన్నే సరిచేసి తిరిగి నిలబెట్టాలని పట్టుబట్టాకే ఇప్పటి సెప్టోప్లాస్టీ రూపుకట్టింది. ఇప్పుడు పై పట్టీ, ముందు పట్టీ కనీసం సెంటీమీటరు వెడల్పున ఉంచాలన్నది ప్రతి ఈఎన్‌టీ విద్యార్థికీ నేర్పే పాఠం.

పాఠం అందరికీ తెలిసినా, ఆపరేషన్ అయ్యాక వంకర మిగలడం ఆగలేదు. దానికి కారణాలు ఒక పట్టాన ఒక్క మాటలో తేలవు. గోడను లోపల సరిచేసి, ముందు అంచును ముట్టుకోకుండా వదిలేస్తే కొన వంకర అలాగే ఉంటుంది. ఎముకలను సగమే విరిచి కదిపితే అవి పాత చోటుకే చేరుకుంటాయి. కార్టిలేజ్‌కు పాత వంపు గుర్తుంటుంది. గీతలు పెట్టి మెత్తబరిచినా, కుట్లు వేసినా, నెలల మీద మళ్ళీ వంగుతుంది. దూలం మీది బొడిపెను చెక్కేటప్పుడు గోడకూ పక్క రేకులకూ ఉన్న కలయిక విడిపోతుంది. దాన్ని తిరిగి కట్టకపోతే ఒక రేకు లోపలికి పడిపోయి ముక్కు ఆ పక్కన నొక్కినట్టవుతుంది, గాలీ ఆ పక్కనే ఆగుతుంది. మచ్చకణజాలం గుంజే గుంజుడు వేరే. వీటిలో ఏ ఒక్కటీ చర్మం మీద జరిగింది కాదు.

ఇక ప్రభుత్వం, బీమా కంపెనీల లెక్క చూడండి. జీఎస్‌టీ నిబంధనల్లో వైద్య సేవలకు పన్ను మినహాయింపు ఉంది. కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీకి మాత్రం లేదు; పుట్టుకతో వచ్చిన లోపమో, ఎదుగుదలలో వచ్చిన తేడానో, గాయమో దెబ్బతీసిన శరీరాన్ని, దాని పనిని తిరిగి నిలబెట్టేదైతే తప్ప. మినహాయింపు దక్కకపోతే 18 శాతం. ఆరోగ్య బీమా పాలసీల్లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఖాయం చేసిన మినహాయింపు భాష కూడా ఇంచుమించు ఇదే ధోరణి. రూపం మార్చే చికిత్సకు డబ్బు రాదు. ప్రమాదం, కాలిన గాయాలు, కేన్సర్ తర్వాత పునర్నిర్మాణం అయితే వస్తుంది, లేదా ఆరోగ్యానికి నేరుగా ఉన్న ముప్పును తప్పించడానికి అవసరమని డాక్టరు ధ్రువీకరిస్తే వస్తుంది. రెండు జాబితాల్లోనూ ప్రమాదానికి చోటుంది, పుట్టుకకో కేన్సర్‌కో చోటుంది. వెనకటి ఆపరేషన్ వల్ల వచ్చిన వైకల్యం అన్న మాట మాత్రం రెండింట్లోనూ లేదు. బంతి తగిలి వంగితే వైద్యం, ఆపరేషన్ టేబుల్ మీద వంగితే వాదించుకోవాల్సిన కేసు. చెంప చర్మంతో ముక్కు కట్టిన పురాతన విద్య మాదే అని సుశ్రుతుడి పేరు చెప్పుకుని మురిసిపోయే దేశంలో ఈ నిబంధన ఇలా ఉండడం కొంచెం నవ్వు తెప్పించే విషయమే.

ఈ తప్పు లెక్క వల్ల అందరికన్నా బాగుపడింది ఫిల్లర్ల వ్యాపారం. ముక్కు వంకర పైపై సంగతే అయితే పైన ఏదో ఒకటి నింపితే సరిపోతుంది కదా. హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా క్లినిక్కుల ప్రకటనలు అమ్మేది ఈ తర్కాన్నే. హయలురోనిక్ ఆసిడ్ అనే జిగురు పదార్థాన్ని పల్లంగా ఉన్న వైపు సూదితో ఎక్కిస్తే ముక్కు గీత కాసేపట్లో సూటిగా కనిపిస్తుంది. అబద్ధం కాదు, కనిపిస్తుంది. ఫోటోలు కూడా బాగానే వస్తాయి. కానీ అది వంకరను తీయదు, కప్పుతుంది. ముక్కును చిన్నది చేయలేదు, పెంచగలదు. మూసుకున్న సందును ఒక్క పిసరు కూడా తెరవదు. ఏడాది అటూ ఇటూ కరిగిపోతే మళ్ళీ డబ్బు, మళ్ళీ సూది.

అసలు భయం డబ్బు కాదు. ముక్కు మీది రక్తనాళాలు కంటి నాళాలతో కలిసి ఉంటాయి. సూది మొన పొరపాటున ధమనిలోకి దిగి, జిగురు ఒత్తిడితో వెనక్కి నడిస్తే, కంటికి రక్తం ఇచ్చే దారిలోకి చేరుతుంది. అక్కడ అడ్డుపడితే నిమిషాల్లో చూపు పోతుంది. పోయిన చూపు చాలామందికి తిరిగి రాదు. ముందుకు నడిస్తే ముక్కు కొన మీది చర్మం నల్లబడి చచ్చిపోతుంది. ముఖంలో ఫిల్లర్లు ఎక్కించుకున్నాక చూపు దెబ్బతిన్న కేసులను వైద్య పత్రికల నుంచి ఏరి 2015లో ఒక సమీక్ష ప్రచురించారు, అప్పటికి 98. నాలుగేళ్ళ తర్వాత అదే బృందం మరో 48 కేసులు చేర్చింది. ఆ కొత్త కేసుల్లో సగానికి పైగా సూది పడింది ముక్కు దగ్గరే. 2015లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ ప్రమాదం మీద హెచ్చరిక జారీ చేసింది. ఆ సంస్థ ఫిల్లర్లకు అనుమతించిన వాడకాల్లో ముక్కు ఆకారం మార్చడం లేదు.

కేసుల సంఖ్య తక్కువే కదా, అంతమంది చేయించుకుంటుంటే అని వ్యాపారం వైపు నుంచి జవాబొస్తుంది. తక్కువే. అయితే అది ఎప్పుడూ కత్తి పడని ముక్కులను కూడా కలుపుకున్న లెక్క. ఒకసారి కోసిన ముక్కులో కొన్ని నాళాలు తెగి ఉంటాయి, మిగిలినవి తమ చోటు మార్చుకుని ఉంటాయి. చర్మం మచ్చతో కింది కార్టిలేజ్‌కు అతుక్కుని ఉంటుంది కాబట్టి జిగురుకు చోటు దొరకదు, నాళం పక్కకు తప్పుకోదు, ఒత్తిడి పెరుగుతుంది. అంటే ‘కత్తి లేని సులువు మార్గం’ అని ఎవరికి ఎక్కువగా అమ్ముతున్నారో వాళ్ళకే అది ఎక్కువ ప్రమాదం. ఆపరేషన్ తర్వాత మిగిలిన చిన్న సొట్ట మీద, ముక్కు నిర్మాణం తెలిసిన సర్జన్, కరిగించే హయలురోనిడేజ్ మందు చేతికి అందేలా పెట్టుకుని, బొట్టు బొట్టుగా వేస్తే అది వేరు సంగతి. బ్యూటీ క్లినిక్కులో పండగ ఆఫర్ కింద వేసే సూదిని దాని సరసన కూర్చోబెట్టకూడదు.

మరి మార్గం ఏమిటంటే, మొదటిది ఆగడం. తొందరపెట్టేవాడు సర్జన్ అయినా, చుట్టం అయినా అనుమానించాల్సిందే. ఆపరేషన్ తర్వాత ముక్కు వాపు పూర్తిగా దిగడానికి ఏడాది పడుతుంది. మన దగ్గర చాలామందికి ఉన్నట్టు చర్మం మందంగా ఉంటే, కొన దగ్గర, ఇంకొంచెం ఎక్కువ. మూడో నెలలో కనిపించే వంకర ఒక్కోసారి ఒకవైపు మిగిలిన వాపే. అందుకే మళ్ళీ కత్తి పట్టడానికి సాధారణంగా పన్నెండు నెలలు గడవనిస్తారు. దీనికి మినహాయింపులు ఉన్నాయి. ఆపరేషన్ అయిన తొలి రోజుల్లో మధ్యగోడలో రక్తం గడ్డకట్టి రెండు వైపులా దిబ్బడ, నొప్పి పెరిగితే అది ఆగే వ్యవహారం కాదు, అదే రోజు తీసెయ్యాలి. లేకపోతే కార్టిలేజ్ కరిగిపోయి ముక్కు కుంగుతుంది. తొలి రెండు వారాల్లో దెబ్బ తగిలి ఎముక కదిలితే అప్పుడే నెట్టి సరిచేయవచ్చు.

ఆగిన తర్వాత చూపించుకోవడం. సీటీ స్కాన్ ఎముకను, గోడ వెనుక భాగాన్ని చూపిస్తుంది కానీ, గాలి పీల్చినప్పుడు రేకు లోపలికి పడిపోవడాన్ని చూపించలేదు. దానికి డాక్టరు చెయ్యి కావాలి. చెంపను పక్కకు లాగి గాలి పీల్చమంటారు. తేలికైతే సందు ఇరుకని అనుమానించవచ్చు. ఇది కాటిల్ పేరుతో ఉన్న పరీక్షే. ముక్కును ముందు నుంచి, పక్కల నుంచి, తల మీదుగా, గడ్డం కింద నుంచి ఫోటోలు తీస్తారు. వంకర ఎముకదా, నడిమి రేకులదా, ముందు అంచుదా, లేక ముక్కు సూటిగానే ఉండి ముఖమే ఒక పక్కకు ఒదిగి ఉందా అన్నది అక్కడ తేలుతుంది. ముఖంలో రెండు సగాలూ సమానంగా ఉన్న మనిషి లేడు. కళ్ళ నడిమి గీత ఒకచోట, గడ్డం నడిమి గీత ఇంకోచోట ఉన్న ముఖంలో ముక్కు రెండింటికీ సూటిగా ఉండడం ఎవరివల్లా కాదు. ఈ మాట ముందే చెప్పని సర్జన్ దగ్గర నుంచి లేచి రావచ్చు.

వంకర ఎముకదైతే దాన్ని కొత్తగా, కొలతతో విరిచి కూర్చోబెట్టాలి. ఇప్పుడు కొన్నిచోట్ల ఉలి సుత్తుల బదులు అల్ట్రాసౌండ్ కంపనంతో కోసే పీజో పరికరాలు వాడుతున్నారు. మధ్యభాగం కుంగితే కార్టిలేజ్ పట్టీని గోడకూ రేకుకూ మధ్య దూర్చి కుడతారు. లాస్ ఏంజెలెస్ సర్జన్ జాక్ షీన్ 1984లో ప్రచురించిన స్ప్రెడర్ గ్రాఫ్ట్ ఇదే. దూలం గీతను సూటిగా నిలబెట్టేదీ అదే, సందును తెరిచేదీ అదే. ఊపిరి వేరు, ఆకారం వేరు అనేవాళ్ళు, ఒకే పట్టీ రెండు పనులూ చేస్తుంటే దాన్ని ఏ ఖాతాలో రాస్తారు? ఆస్పత్రి ఆ అగ్గిపుల్ల మందం ముక్కకు సగం బిల్లు వైద్యం కింద, సగం సింగారం కింద వేయగలదా?

ముందు అంచు పక్కకు జారితే దాన్ని నడుమకు తెచ్చి, పై దవడ ఎముక మొనకు కుట్టి బిగిస్తారు. గోడ ముందుభాగమంతా నలిగి, విరిగి, మెలికలు పడి ఉంటే ఈ చిన్న మరమ్మతులకు లొంగదు. అప్పుడు గోడను మొత్తంగా బయటికి తీసి, టేబుల్ మీద పెట్టి, సూటి ముక్కలను ఏరి కలిపి కుట్టి, కొత్త గోడగా తిరిగి నిలబెడతారు. 1952లో కింగ్, యాష్లీ ప్రచురించిన ఈ పద్ధతిని జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో వోల్ఫ్‌గాంగ్ గుబిష్ దశాబ్దాల పాటు, రెండు వేల మందికి పైగా చేసి చూపించారు. దీని చిక్కు ఎముక, కార్టిలేజ్ కలిసే చోట ఉంది. అక్కడ కట్టు సడలితే దూలం మీద గుంట పడుతుంది. అందుకే చాలామంది సర్జన్లు ఇప్పుడు ఆ పై పట్టీని అక్కడే ఉంచి, ముందుభాగాన్ని మాత్రమే కొత్తగా కడుతున్నారు.

కట్టడానికి సరుకు కావాలి. రెండో ఆపరేషన్‌లో సర్జన్‌కు ఎదురయ్యే మొదటి పేచీ ఇదే. గోడలో ఉండాల్సిన కార్టిలేజ్‌ను మొదటిసారే తీసేసి ఉంటారు. చెవి గిన్నె నుంచి తీస్తే దొరుకుతుంది, కానీ అది మెత్తన, వంపు తిరిగినది. కొనకు, రెక్కలకు పనికొస్తుంది, నిలువు గోడకు అంతగా కాదు. గట్టి గోడకు పక్కటెముక చివరి కార్టిలేజే దిక్కు. అదీ సాధువు కాదు. కోసిన పట్టీ తర్వాత తానే వంగే గుణం దానికి ఉంది. గ్లాస్గోలో థామస్ గిబ్సన్, డేవిస్ 1958లో ఈ వంపుకు కారణం వివరించారు. కార్టిలేజ్ పైపొరల్లో బిగువు ఉంటుంది, ఒకవైపు పొర ఉండి రెండోవైపు కోసేస్తే బిగువున్న వైపుకు వంగుతుంది. నడిమి భాగం నుంచి రెండు వైపులా సమంగా చెక్కితే నిలుస్తుంది. ఈ రోజుకీ పక్కటెముకతో పనిచేసేవాళ్ళు ఆ సూత్రం పట్టుకునే చెక్కుతారు. ఛాతీ మీద చిన్న మచ్చ, కొన్ని వారాల నొప్పి, అరుదుగా ఊపిరితిత్తి పొరకు చిల్లు పడే ముప్పు ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ అది గట్టిపడి చెక్కడానికి లొంగదు. సిలికాన్ ముక్క పెడితే ఈ తంటాలన్నీ తప్పుతాయని చెప్పేవాళ్ళున్నారు. మచ్చతో బిగిసిన ముక్కులో అది చీము పట్టడానికీ, పక్కకు జరగడానికీ, చర్మం చీల్చుకుని బయటికి రావడానికీ అవకాశం ఉంది కాబట్టి, ఆ సులువుకు లొంగకపోవడమే మంచిది.

అన్నీ నిలబెట్టాక కూడా ఒక పల్లం మిగిలితే కప్పడం తప్పు కాదు. టర్కీ సర్జన్ ఒనూర్ ఎరోల్ కార్టిలేజ్‌ను సన్నగా తరిగి, కరిగిపోయే గుడ్డలో చుట్టి దూలం మీద పరిచే పద్ధతిని 2000లో ‘టర్కిష్ డిలైట్’ అని తీపి పేరుతో ప్రచురించారు. ఆ గుడ్డకు బదులు రోగి కణత మీది పల్చటి పొరలోనే చుట్టే పద్ధతిని డేనియల్, కాల్వర్ట్ 2004లో ముందుకు తెచ్చారు. కప్పడానికీ కప్పడానికీ తేడా ఇక్కడే ఉంది. ఇది నిలబెట్టిన తర్వాత, రోగి ఒంటి సరుకుతో వేసే చివరి పొర. ఫిల్లర్ అమ్మేవాళ్ళు ఆ చివరి పొరనే మొత్తం పని అంటున్నారు.

మళ్ళీ ఆపరేషన్ వద్దనేవాళ్ళ వాదనలో బలం లేదని కాదు. రెండో ఆపరేషన్ మొదటిదానికన్నా కష్టం, ఫలితం మీద పూచీ తక్కువ, మూడోది కావాల్సి వచ్చే అవకాశం ఉంది. ‘డర్టీ డాన్సింగ్’ సినిమాతో 1987లో లోకాన్ని ఊపేసిన జెన్నిఫర్ గ్రే ముక్కుకు ఆపరేషన్ చేయించుకున్నారు. మొదటిసారి మిగిలిన లోపాన్ని సరిచేయడానికి రెండోసారి టేబుల్ ఎక్కి దిగితే, తెలిసినవాళ్ళు కూడా గుర్తుపట్టనంతగా ముఖం మారిపోయింది. 2022లో వచ్చిన తన పుస్తకంలో ఆ దెబ్బ గురించి ఆమె వివరంగా రాశారు. సామెత చెప్పేవాళ్ళకు ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. అయితే ఆ సాక్ష్యం చెప్పేది ఎంత తీయాలో, ఎంత ఉంచాలో తెలిసిన చేతిని వెతుక్కోమని. నిర్మాణం ముట్టకూడనిదని కాదు. విరిగి తప్పుగా అతికిన చెయ్యిని మళ్ళీ విరిచి కట్టడం కష్టమని తెలిసినా, ఎవరూ దాన్ని షోకు అనరు.

ఇంకో వాదన దీనికన్నా బరువైంది. ముక్కు సరిచేయమని వచ్చేవాళ్ళలో కొందరిని పీడించేది ముక్కు కాదు, ముక్కు మీది ధ్యాస. బెల్జియంలోని ల్యూవెన్‌లో ముక్కు ఆకారం సరిచేసే రైనోప్లాస్టీ కోసం వచ్చిన 226 మందిని పరీక్షించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో 33 శాతం మందిలో, లేని లోపాన్నో చిన్న లోపాన్నో పట్టుకుని కుమిలిపోయే బాడీ డిస్‌మార్ఫిక్ డిజార్డర్ లక్షణాలు చెప్పుకోదగ్గ స్థాయిలో ఉన్నాయి. రెండోసారి ఆపరేషన్ కోరేవాళ్ళలో అవి ఇంకా తీవ్రం. ఇది నిజం, దీన్ని పక్కన పెట్టి మాట్లాడకూడదు. అలాంటివారికి కత్తి మందు కాదు, మానసిక వైద్యం మందు. కానీ ఆ మనిషిని, గాలి ఆడక రాత్రంతా నోటితో పీల్చి పొద్దున్నే ఎండిన గొంతుతో లేచే మనిషిని విడదీసి చూపేది పరీక్షే. ‘అందం పిచ్చి’ అనే ముద్ర ఇద్దరినీ ఒకే గాటన కట్టేస్తుంది. మొదటివాడు ఆ ముద్ర చూసి మానసిక వైద్యుడి దగ్గరికి పోడు, క్లినిక్కు నుంచి క్లినిక్కుకు పోతాడు. రెండోవాడు సిగ్గుపడి ఎక్కడికీ పోడు.

ముక్కు ఆపరేషన్లే దండగ, ఎవరికీ గాలి ఆడదు అన్న పాత మాటకైతే జవాబు వచ్చేసింది. నెదర్లాండ్స్‌లో 203 మంది మీద జరిగిన పరీక్ష 2019లో వైద్య పత్రిక ‘లాన్సెట్’లో, బ్రిటన్‌లో 17 ఆస్పత్రుల్లో 378 మంది మీద జరిగినది 2023లో ‘బీఎంజే’లో వచ్చాయి. రెండింట్లోనూ మందులతో, స్ప్రేలతో నెట్టుకొచ్చినవాళ్ళకన్నా సెప్టోప్లాస్టీ చేయించుకున్నవాళ్ళు మెరుగయ్యారు. ఇవి తొలిసారి ఆపరేషన్ గురించినవి. రెండోసారికి అదే భరోసా ఇవ్వవు. గోడను సూటిగా నిలబెట్టడం ఊపిరికి సంబంధించిన వైద్యమేనని మాత్రం తేల్చాయి.

కాబట్టి వంకర మిగిలిన మనిషి చేతిలో ఉండాల్సింది హీరో ఫోటో కాదు, కాగితాలు. ఒకటి, ముక్కు దిబ్బడ కొలిచే ఐదు ప్రశ్నల ‘నోస్’ ఫారం. 2004 నుంచి వాడుకలో ఉంది, సున్నా నుంచి నూరు దాకా మార్కులు వేస్తుంది. ఆపరేషన్ ముందు, తర్వాత నింపితే ఊపిరి సంగతి అంకెల్లో తేలుతుంది, బీమా కంపెనీ ముందు పెట్టడానికీ పనికొస్తుంది. రెండోది, మొదటి ఆపరేషన్ నోట్సు. గోడలో ఎంత తీశారు, ఎంత ఉంచారు, ఎముక విరిచారా లేదా అన్నది రెండో సర్జన్ అందులోనే వెతుక్కోవాలి. డిశ్చార్జ్ సమ్మరీలో ‘సెప్టోప్లాస్టీ చేశాం’ అన్న ఒక్క లైను సరిపోదు, పూర్తి నోట్సు అడగాలి. రోగి అడిగిన 72 గంటల్లోగా రికార్డులు ఇవ్వాలని 2002 నాటి భారత వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. ఇన్‌పేషెంట్ రికార్డులను దాచాల్సింది చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్ళేనని కూడా అవే నిబంధనలు చెబుతున్నాయి. వాపు దిగడానికే ఏడాది పోతుంది. చుట్టాల సలహాలు విని ఊరుకుంటే మిగతా రెండేళ్ళూ అలాగే పోతాయి.